కాళ్లు మొక్కిన పిల్ల

ఆ మాట నేను మంగళవారం చెప్పానా, సోమవారం చెప్పానా? పది రోజులుగా ఇదే ఆలోచన. జామకాయలు తూచేటప్పుడు ఇదే, నమాజుకు కూర్చుంటే ఇదే. మంగళవారం చెప్పి ఉంటే, బాలనర్సమ్మ దగ్గరికి ఆ ఆడమనిషిని పంపింది నా నోరు. సోమవారం చెప్పి ఉంటే, బాలనర్సమ్మే పంపమంది, నేను పంపాను, అంతే. అంతేనా? అట్లయినా నా తప్పు ఎంత తగ్గుతుందో తెలియదు. అయినా సోమవారమే కావాలని దువా చేస్తున్నాను. జరిగిపోయిన రోజును మార్చమని అల్లాను అడగవచ్చో లేదో కూడా నాకు తెలియదు.

తెలుసుకునే దారి ఒకటి ఉంది. నా నోటుబుక్కులో రాసి ఉంటుంది. అది బియ్యం డబ్బా వెనక ఉంది. చెయ్యి అక్కడిదాకా పోతుంది, మళ్లీ వెనక్కి వస్తుంది.

నా పేరు షహర్ బాను. అందరూ బానమ్మ అంటారు. మేడ్చల్ బస్ డిపో గేటు పక్కన ముప్పై ఏళ్లకు పైగా పండ్లు అమ్ముతున్నాను. బడికి పోలేదు. గంప ముందు కూర్చుని బస్సుల బోర్డులు చూసి అక్షరాలు నేర్చుకున్నాను. కండక్టరు "మేడ్చల్, మేడ్చల్" అని అరుస్తుంటే ఆ బస్సు మీద ఉన్నది మేడ్చలే అయి ఉండాలి కదా. అట్లా మొదట 'మే' పట్టుబడింది. తర్వాత పండ్లు చుట్టే పాత పేపర్లు, మందు సీసాల మీది కాగితాలు. ఇప్పుడు పొద్దున్నే పేపరు కొని, డిపో ఊడ్చే ఆడవాళ్లకు చదివి వినిపిస్తాను.

నోటుబుక్కు సంగతి చెప్పాలంటే నా భర్త ఖాలిక్ సంగతి చెప్పాలి. ఆయన లారీ క్లీనరు. నలభై ఏళ్ల కింద ఒక పొద్దున నిజామాబాద్ పోయే లారీ ఎక్కి, చెయ్యి ఊపి, ఏదో అన్నాడు. విన్నాను కూడా. సరేనని తల ఊపాను. ఆయన మళ్లీ రాలేదు. చనిపోయాడని ఎవరూ చెప్పలేదు, బతికి ఉన్నాడనీ చెప్పలేదు. ఆ పొద్దున ఏమన్నాడో నాకు ఎంతకీ గుర్తుకు రాదు. కూర ఉంచమన్నాడా, తలుపు గడియ పెట్టుకోమన్నాడా? దేనికి తల ఊపానో తెలియకుండా ఇన్నేళ్లు బతికాను. లారీ నంబరు చూశాను కానీ అప్పటికి నాకు అంకెలు రావు.

అందుకని చదువు వచ్చాక ఒక నోటుబుక్కు పెట్టాను. నాకు కావలసినవాళ్లు నా దగ్గరి నుంచి బస్సెక్కితే పేరు రాస్తాను, ఏ వారమో రాస్తాను, బండి నంబరులో చివరి నాలుగు అంకెలు రాస్తాను. ఆ పక్కన, వాళ్లు అన్న చివరి మాట. నా బిడ్డ అర్షియా మచ్చ బొల్లారంలో ఉంటుంది. అది వచ్చిపోయినా రాస్తాను.

"అమ్మీ, నేను పోయేది మచ్చ బొల్లారం. దుబాయి పోతున్ననా?" అని అది నవ్వుతుంది. ఆ మాట కూడా రాశాను, చాలాసార్లు.

బాలనర్సమ్మ నా దోస్తు. ఆమెది షామీర్‌పేట. వయసులో ఉన్నప్పుడు ఇద్దరం ఆ పక్కన ద్రాక్ష తోటల్లో గుత్తులు కోసే పనికి పోయేవాళ్లం. ఇప్పుడు ఆ తోటలన్నీ ప్లాట్లయ్యాయి. అప్పట్లో మా వైపు ఆడవాళ్లకు, హిందువులకైనా మాకైనా, పెళ్లిలో కాళ్లకు వెండి కడియాలు పెట్టేవాళ్లు. బాలనర్సమ్మవి నలభై తులాలు. ఒకసారి ఆమె కుడికాలి కడియం పందిరి నుంచి నేలదాకా వేలాడుతున్న ఇనుప తీగలో ఇరుక్కుంది. ఎంత లాగినా రాకపోతే నేనే రాయి తీసుకుని తీగను కొట్టాను. ఒక దెబ్బ గురి తప్పి కడియం మీద పడి సొట్ట పోయింది. "నా పెండ్లి సొమ్మును పాడుచేసినవే తురకదానా" అని నెల రోజులు తిట్టింది. ఆ తిట్టు కూడా ముద్దుగానే ఉండేది.

నా కడియాలు అర్షియా పెళ్లికి అమ్మేశాను. ఉత్త కాళ్లతో డిపోకు పోవడానికి సిగ్గయి, అట్లాంటివే జర్మన్ సిల్వర్‌వి చేయించి వేసుకున్నాను. ఆ రహస్యం తెలిసింది బాలనర్సమ్మ ఒక్కదానికే.

శోభారాణి ఈ వానాకాలంలో వచ్చింది. నలభై ఏళ్లుంటాయి. బహదూర్‌పల్లి కాలనీలో మంచం పట్టిన ఒక ముసలామెను చూసుకునే పని అని చెప్పింది. మందులకని మేడ్చల్ వచ్చేదట. మొదటి రోజు జామకాయ కొని, ఉప్పుకారం ఎక్కువ వేయమని, అక్కడే నా పక్కన ఇటుక మీద కూర్చుని తింది.

"పెద్దమ్మా, మీ జామకాయలు మస్తున్నయి గనీ మీరు గిట్ల ఎండల కూసుంటే మాడిపోతరు."

"ఎప్పుడో మాడిన బేటీ. ఇగ మాడేదేం లేదు," అన్నాను.

అది పకపకా నవ్వింది. ఆ నవ్వుకే నేను పడిపోయానేమో. మర్నాడు పాత గొడుగు ఒకటి తెచ్చి నా గంప పక్కన కట్టింది. ఇంకో రోజు నా మడమల పగుళ్లు చూసి, మైనం, కొబ్బరినూనె కలిపి కాచిన మందు డబ్బీలో పట్టుకొచ్చింది. నా కాలు తన ఒళ్లో పెట్టుకుని, కడియం పైకి జరిపి, తనే రాసింది. నా కడుపున పుట్టినదే ఎప్పుడూ అట్లా చేయలేదు. వద్దన్నా వినలేదు. దాని కుడి బొటనవేలి గోరు నల్లగా, నిలువునా చీలి ఉండేది. తలుపు సందులో పడిందని చెప్పింది. ఆ గోరు నా పగుళ్లకు తగలకుండా వేలు పైకెత్తి రాసేది. అంత జాగ్రత్త.

మంగళవారం రోజు అది పోబోతూ వంగి, రెండు చేతులతో నా కాళ్లు పట్టుకుని మొక్కింది. మాలో కాళ్లు మొక్కడం లేదు. కంగారుగా, "అరె అరె, నకో బేటీ" అంటూ కాళ్లు వెనక్కి తీసుకోబోయాను. వదలలేదు. అరచేతులు రెండూ కడియాల కింద పెట్టి, తల వంచుకుని అట్లాగే ఉండిపోయింది. ఎంతసేపంటే, ఒక బస్సు లోపలికి వచ్చి, జనం దిగి, కండక్టరు టీ తాగడానికి పోయేంతసేపు. ఏడుస్తోందనుకున్నాను. పాపం తల్లి లేని పిల్ల, నాలో తల్లిని చూసుకుంటోందని నాకూ కళ్లు చెమర్చాయి.

ఇప్పుడు అనుకుంటున్నాను, తూకం చూసిందని. ఎంత వెండో అరచేతుల్లో చూసింది. కానీ తల ఎత్తినప్పుడు దాని కళ్లు ఎర్రగానే ఉన్నాయి. అది కూడా నిజమే.

"గివి వెండియేనా పెద్దమ్మా?" అని అడిగింది.

అబద్ధం చెప్పలేకపోయాను. నిజం చెప్పి ఊరుకోనూ లేకపోయాను. నా సిగ్గును దాచుకోవడానికి నోరు ఇంకేదో మాట్లాడింది. అసలువి చూడాలంటే షామీర్‌పేటలో నా దోస్తు బాలనర్సమ్మ కాళ్లు చూడాలి, నలభై తులాలు, పెళ్లినాడు పెట్టినవి ఇప్పటిదాకా ఊడలేదు అన్నాను. మంగళవారమే అన్నానా? లేక ఆ రోజు 'జర్మన్ సిల్వర్' అని మాత్రం అన్నానా? ఇక్కడే నాకు పొగమంచు కమ్ముకుంటుంది.

ఎందుకంటే శుక్రవారం బాలనర్సమ్మ వచ్చింది. మోకాళ్ల మందుకని మేడ్చల్ వస్తే నా దగ్గర కూర్చోకుండా పోదు. నేను గొప్పగా చెప్పుకున్నాను.

"నర్సమ్మా, మొన్న ఒక పిల్ల నా కాళ్లు మొక్కింది తెలుసా?"

"నీ కాళ్లా? దానికి కండ్లు కనవడయా?"

"పో. మంచి పిల్ల. గనీ కాళ్లు మొక్కితే ఏమనాల్నో నాకు తెల్వలే. ఉత్తగ నిలవడ్డ."

బాలనర్సమ్మ నోట్లో జామకాయ పెట్టుకుని నవ్వితే గింజలు నా మీద పడ్డాయి. "ఓ పిచ్చిదానా, గింతేండ్లు నాతోని తిరిగి గది గూడ నేర్వలేదా? తలకాయ మీద చెయ్యి వెట్టి 'సల్లగుండు బిడ్డా' అనాలె. అను."

"సల్లగుండు బిడ్డా."

"నీ బొంద. గట్ల పోలీసోని లెక్క కాదు, మెల్లగ, ప్రేమగ."

రెండుసార్లు అనిపించింది. మూడోసారికి బాగుందని ఒప్పుకుంది. అప్పుడే బస్సు వచ్చింది. కడియాలు చప్పుడు చేసుకుంటూ, మోకాళ్లు పట్టుకుంటూ ఎక్కి, కిటికీలో నుంచి ఏదో అంది. ఏమందో నాకు గుర్తుంది. ఆ పిల్లను తన దగ్గరికి పంపమంది. తన కాళ్లు కూడా ఎవరూ మొక్కడం లేదంది. బస్సంతా నవ్వింది.

సోమవారం శోభారాణి మళ్లీ వచ్చింది. మడమలకు మందు రాసింది. పోయేముందు మళ్లీ కాళ్లు మొక్కింది. ఈసారి నేను తయారుగా ఉన్నాను. తల మీద చెయ్యి పెట్టి, మెల్లగా, ప్రేమగా, "సల్లగుండు బిడ్డా" అన్నాను. నా నోట ఆ మాట ఎంత అందంగా వచ్చిందో అని నాకే సంతోషమయింది. ఆ రోజు అది బహదూర్‌పల్లి వైపు పోలేదు. షామీర్‌పేట బస్సెక్కింది. ఎందుకని అడిగితే, అక్కడ ఒక మందు దొరుకుతుందంది. మా దోస్తును చూసిరమ్మని నేనే చెప్పినట్టు కూడా గుర్తు. చెప్పానా?

ఇంకోటి అర్థం కాదు. నా కడియాలు వెండివి కావని దానికి మంగళవారమే తెలిసిపోయింది. మరి సోమవారం మందు డబ్బీ ఎందుకు తెచ్చింది? నా మడమలతో దానికేం పని?

బుధవారం నుంచి బాలనర్సమ్మ కనబడలేదు. ఆమె కొడుకు వీరయ్య షామీర్‌పేట చెరువులో చేపలు పడతాడు. వాడు ఫోన్ చేసి, "అమ్మ నీ తానికి వచ్చిందా?" అని అడిగాడు. రాలేదన్నాను. మూడో రోజు అవుటర్ రింగు రోడ్డు పక్కన నీలగిరి తోటలో దొరికింది. ఆమె కాళ్ల సంగతి నేను రాయను.

ఆ వారం నుంచే శోభారాణి కూడా డిపోకు రావడం మానేసింది. నాకు భయమేసింది. ఆ పిల్లను కూడా ఎవడో పాపిష్టివాడు ఏమైనా చేశాడేమోనని. ఐదు పూటలా ఇద్దరి కోసం దువా చేశాను. బాలనర్సమ్మకు మంచి చోటు ఇవ్వమని, శోభారాణిని క్షేమంగా ఉంచమని. నలభై రోజులు అట్లా చేశాను. ఆ దువాలను ఎట్లా వెనక్కి తీసుకోవాలో ఎవరినీ అడగలేదు.

పది రోజుల కింద పేపరులో చూశాను. ఒంటరి ముసలివాళ్లతో మాట కలిపి, కడియాల కోసం ముగ్గురిని చంపిన ఆడమనిషి దొరికిందని రాశారు. ఫోటోలో ముఖానికి గుడ్డ కట్టి ఉంది. ఊడ్చేవాళ్లకు బయటికే చదువుతున్నాను. చదువుతూ ఆ చేతులు చూశాను. ఒకదాని మీద ఒకటి పెట్టుకుని ఉన్నాయి. కుడి బొటనవేలి గోరు నల్లగా, నిలువునా చీలి ఉంది. కిందికి చూస్తే పేరు. ఆ తర్వాత ఒక్క అక్షరం కూడా కనబడలేదు. "సదువు బానమ్మా, ఆగినవేంది?" అని వాళ్లు అంటున్నారు. అక్షరాలు రాని రోజుల్లో బోర్డులు ఎట్లా కనబడేవో అట్లా కనబడింది పేపరు.

నిన్నగాక మొన్న వీరయ్య వచ్చాడు. గుండు మీద వెంట్రుకలు ఇంకా పొట్టిగానే ఉన్నాయి. గంప ముందు నిలబడ్డాడు, కూర్చోమన్నా కూర్చోలేదు.

"బానమ్మా, కడియాలు దొరికినయట. మూడు జతలు. ఏవి అమ్మవో చెప్పుమంటున్నరు. నాకైతే తెలుస్తలేదు."

"నీకు తెల్వదా బేటా?"

"రోజు సూసిన కాళ్లే గద. గిప్పుడు అడిగితే కండ్ల ముంగట ఒస్తలేవు." గుండు తడుముకుని అన్నాడు, "ఇంకోటి ఉన్నది. గా ఆడిది నీ పేరు చెప్పిందట."

"ఏమని?"

"'పెత్రమాసకు సచ్చిపోయిన మా అమ్మ పేరు మీద నీకు చీర వెడత, బానమ్మ పంపింది' అన్నదట. నీ పేరు ఇనంగనే అమ్మ చెప్పులేసుకొని ఎంబడి పోయింది. నిజంగ నువ్వు పంపినవా?"

పెత్రమాస అంటే చనిపోయిన పెద్దల పేరు మీద బియ్యం, చీర ఇచ్చే అమావాస్య. నా పేరు చెప్పి, చనిపోయిన తల్లి పేరు చెప్పి తీసుకుపోయింది.

"యాదికొస్తలేదు వీరయ్యా," అన్నాను.

"యాదికొస్తలేదా?"

"మీ అమ్మనే పంపుమన్నది. నవ్వులాటకు. అంతకుముందు నేను చెప్పిన్నో, తర్వాత చెప్పిన్నో..."

వాడు నన్ను అట్లా చూడటం నేనెప్పుడూ చూడలేదు. చిన్నప్పుడు నా ఒళ్లో పడుకుని ద్రాక్షపండ్లు తిన్న పిల్లవాడు. "నీ తాన బుక్కుంటది గద," అన్నాడు. "అమ్మ చెప్పి నవ్వుతుండె. దాంట్ల రాసుంటది. గురువారం కడియాలు గుర్తువట్టనీకి ఠాణాకు రమ్మన్నరు, నువ్వు వస్తవు గద, తీస్కరా. నాకు సదువు రాదు. నువ్వే సదివి చెప్పు."

గురువారం బస్సెక్కేముందు నోటుబుక్కు సంచిలో వేసుకున్నాను. తెరవలేదు.

ఠాణాలో బల్ల మీద ప్లాస్టిక్ కవర్లలో మూడు జతలు పెట్టారు. నాకు వెతకవలసిన పని లేకపోయింది. మధ్యలో జత, ఒకదాని మీద సొట్ట. ఆ సొట్టలో బొటనవేలు పెడితే సరిగ్గా సరిపోయింది. రాయి దెబ్బ, ద్రాక్ష పందిరి, నెల రోజుల తిట్లు అన్నీ చెప్పాను. రాసుకునే ఆడ పోలీసు మధ్యలో ఆగి నా ముఖం చూసింది. తర్వాత, నిందితురాలు మీకు తెలుసా అని అడిగింది. తెలుసు, జామకాయలు కొనేది అన్నాను. ఇంకేమైనా అడుగుతుందని చూశాను. అడగలేదు. వేలిముద్ర పెట్టమంటే, సంతకం చేస్తానన్నాను.

బయటికి వస్తుంటే వరండాలో ఎదురయింది. ఇద్దరు ఆడ పోలీసులు ఎక్కడికో తీసుకుపోతున్నారు. ముఖానికి గుడ్డ లేదు. నేను భయపడ్డాను. చంపిన మనిషి ముఖం ఎట్లా ఉంటుందో చూడవలసి వస్తుందని. కానీ అదే ముఖం. ఉప్పుకారం ఎక్కువ వేయమని అడిగిన ముఖం. ఎంత వెతికినా రెండో ముఖం దొరకలేదు.

"మంచిగున్నవా పెద్దమ్మా? మడిమెలకు రాస్తున్నవా, ఇడిసిపెట్టినవా?" అంది.

అని, ఎవరూ పట్టుకునేలోపల వంగి నా కాళ్లు పట్టుకుంది. చల్లటి చేతులు. నా చెయ్యి పైకి లేచి దాని తల మీద పడింది. నా నోరు, మెల్లగా, ప్రేమగా, "సల్లగుండు బిడ్డా" అంది.

పోలీసులు దాన్ని రెక్కపట్టి లేపి తీసుకుపోయారు. అది వెనక్కి తిరిగి చూడలేదు. నా వెనక వీరయ్య నిలబడి ఉన్నాడు.

రోడ్డు దాటి బస్సు ఆగే చోటికి వచ్చాం. సిమెంటు దిమ్మ మీద నేను కూర్చున్నాను. వాడు ఎండలోనే నిలబడ్డాడు. అక్కడి నుంచే అన్నాడు:

"గది మా అమ్మ అనే తీరు. గా మాట."

"మీ అమ్మనే నేర్పింది."

"దానికి దీవెన పెట్టనీకి నేర్పిందా?"

అవునన్నా నిజమే, కాదన్నా నిజమే. నా నోరు నా మాట వినలేదని చెబితే వాడు నమ్ముతాడా? నేనే నమ్మడం లేదు.

"తియ్యి బుక్కు," అన్నాడు.

తీశాను. పేజీలు తిప్పుతుంటే వేళ్లు అంటుకుపోతున్నాయి. అర్షియా, అర్షియా, బాలనర్సమ్మ, అర్షియా. తర్వాత ఆ పేజీ వచ్చింది. పైన మంగళవారం. నా పెద్దపెద్ద అక్షరాలు, బోర్డుల మీది అక్షరాల్లాంటివి. చదివాను. మనసులో ఒకసారి చదివాను.

వీరయ్య నా భుజం మీదుగా పేజీలోకి చూస్తున్నాడు. వాడికి అంకెలు మాత్రం తెలుసు, ఫోన్ వల్ల వచ్చాయి. అక్షరాలు తెలియవు. నేను ఏది చదివితే వాడికి అదే రాసి ఉన్నట్టు. మంగళవారం ఎదురుగా 'పోయొస్త పెద్దమ్మా' అని ఉందని చెప్పవచ్చు. సోమవారం మాటను మంగళవారానికి, మంగళవారం మాటను సోమవారానికి మార్చవచ్చు. ఎవరికి తెలుస్తుంది? ముప్పై ఏళ్లు కూర్చుని నేను నేర్చుకున్న చదువు దీనికి పనికొస్తుందని అప్పుడు తట్టింది.

అక్షరాల కింద వేలు పెట్టాను. పెట్టి, ఒక్కొక్కటే చదివాను.

"మంగళవారం. శోభారాణి. నాలుగు ఒకటి సున్న ఏడు. 'షామీర్‌పేట్ల మీ దోస్తుది ఏ గల్లీ పెద్దమ్మా?'"

నేను ఆగలేదు. ఆగితే మళ్లీ చదవలేనని తెలుసు.

"శుక్రవారం. బాలనర్సమ్మ. రెండు రెండు తొమ్మిది ఎనిమిది. 'గా పిల్లను నా తానికి పంపు, నా కాళ్లు ఎవ్వలు మొక్కుతలేరు.'"

"సోమవారం. శోభారాణి. సున్న ఆరు ఐదు మూడు. 'పోయొస్త పెద్దమ్మా.'"

"ముందు నేనే చెప్పిన వీరయ్యా," అన్నాను. "మీ అమ్మ పంపుమన్నది తర్వాత. నా కడియాలు ఉత్తయి అని చెప్పనీకి సిగ్గయి మీ అమ్మయి చెప్పిన. గల్లీ గూడ నేనే చెప్పి ఉంట. గది దీంట్ల లేదు. మనం అనేటివి నేను రాయను, పోయేటోళ్లు అనేటివే రాస్త."

ఎదురుగా లారీలు పోతున్నాయి. వాడు కేకలేస్తాడనుకున్నాను. నోటుబుక్కు లాక్కుంటాడనుకున్నాను. ఠాణా లోపలికి తీసుకుపోతాడని, అందరి ముందు చదవమంటాడని కూడా అనుకున్నాను. వాడు కింద కూర్చున్నాడు, నా కాళ్ల దగ్గర, మట్టిలో. ఆ చోట అంతకుముందు కూర్చుంది శోభారాణి.

"ఇంకోసారి సదువు," అన్నాడు.

"మంగళవారం..."

"గది కాదు. అమ్మది."

చదివాను. వాడు పెదాలు కదిపాడు, నాతోపాటు.

"నవ్విందా గప్పుడు?"

"నవ్వింది. బస్సుల అందరు నవ్విండ్రు."

"ఇంకోసారి."

ఎన్నిసార్లు చదివానో తెలియదు. నాలుగుసార్లో, ఐదుసార్లో. చదివే కొద్దీ ఆ మాట బాలనర్సమ్మదా, నాదా అన్నది కూడా తెలియకుండా పోయింది. మేడ్చల్ బస్సు వస్తుంటే వాడే ముందు చూశాడు. లేచి, మట్టి దులుపుకుని, చెయ్యెత్తి ఆపాడు. నా సంచి అందుకుని పైకి ఇచ్చాడు. నేను మెట్టు మీద ఒక కాలు పెట్టి ఆగాను. 'పోయిరా' అంటాడని. మా వైపు ఎవరైనా పోయేవాళ్లతో అనే మాట అది. అనకుండా పంపితే మళ్లీ రావద్దని అర్థం.

వాడు బస్సు ముందుకు పోయి నంబరు పలక చూసి వచ్చాడు.

"డెబ్బై ఒకటి, ఇరవై నాలుగు," అన్నాడు. "రాస్కో. నీ పేరు గూడ రాస్కో."

నా పేరు నేను ఎప్పుడూ రాసుకోలేదు. నేను ఎప్పుడూ ఉండిపోయేదాన్నే.

"వీరయ్యా..."

"ఎక్కు," అన్నాడు.

కండక్టరు తలుపు కొట్టాడు. కిటికీ పక్కన సీటు దొరికింది. వెనక్కి చూశాను. వాడు అక్కడే నిలబడి ఉన్నాడు, బస్సు మలుపు తిరిగేదాకా. నన్ను సాగనంపడానికి నిలబడ్డాడో, చెరువు వైపు పోయే ఆటో కోసం నిలబడ్డాడో దూరం నుంచి తెలియలేదు. చెయ్యి ఊపినట్టుంది. నేను తల ఊపాను.

ఒళ్లో నోటుబుక్కు తెరిచాను. బస్సు ఊగుతుంటే అక్షరాలు వంకర పోయాయి. గురువారం. షహర్ బాను. ఏడు ఒకటి రెండు నాలుగు. చివరి మాట దగ్గర నాది ఏమిటా అని ఆలోచించాను. వాడి పేరు మాత్రం అన్నాను, ఇంకేదో అనబోయాను, ఏమనబోయానో ఇప్పటికే గుర్తుకు రావడం లేదు. 'వీరయ్యా' అని రాశాను. దాని కింద, పోనివాళ్ల మాట రాసే అలవాటు లేకపోయినా, వాడన్నది కూడా రాశాను.

'ఎక్కు.'